గట్టు పక్క చేను లీజుకిచ్చేయాలా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. మావగారి పేర ఎకరం అరవై సెంట్ల వరి చేను ఉంది. మా ఆయన కువైట్‌లో ఉంటారు. వ్యవసాయం నేనూ మావగారూ చూసుకుంటాం. మూడేళ్ల కిందట మా బావగారు మా పక్క చేలు లీజుకు తీసుకుని వెనామీ రొయ్యల చెరువులు తవ్వించారు. అప్పటి నుంచి దాళ్వాలో (రబీ పంటలో) గట్టు వైపు వరి ఎర్రబడి ఎండిపోతోంది. ఇంటి బోరు నీళ్లు ఉప్పగా మారాయి. రొయ్యల పట్టుబడి రోజున నల్లటి నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలితే తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయని, అక్కడ వల వేసుకునేవాళ్లు మా గుమ్మం ముందుకొచ్చి అడుగుతున్నారు. బావగారేమో "మీ చేనూ నాకిచ్చేయండి, గొడవ ఉండదు, లీజు డబ్బులు కూర్చుని తినొచ్చు" అంటున్నారు. మావగారు ఒప్పుకునేలా ఉన్నారు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెరువులు తవ్వుకోవచ్చా? అడిగేవాళ్లు లేరా? కంప్లైంట్ ఇస్తే ఇంట్లో గొడవ. నన్నేం చేయమంటారు?
— ఒక కోడలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా, లీజు కాగితం మీద మావగారిని ఇప్పుడే సంతకం పెట్టనివ్వకండి. కనీసం ఒక్క పంట కాలం ఆగమనండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మా నాన్నగారు 1994లో రెండెకరాలు టైగర్ రొయ్యకి లీజుకిచ్చారు. తీసుకున్నాయన మంచివాడే, మొదటి ఏడాది డబ్బు చెప్పిన రోజుకి చెప్పినట్టు తెచ్చి ఇచ్చాడు. తర్వాత వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. ఒక రోజు పొద్దున్న మేత చెక్‌ట్రే పైకి లాగితే మేత ముట్టలేదు, రొయ్యలు గట్టు వారకొచ్చి నీరసంగా ఈదుతున్నాయి. నాలుగైదు రోజుల్లో చెరువు ఖాళీ. ఆయన అప్పులపాలై ఊరు వదిలి వెళ్లిపోయాడు. చెరువు మాకు మిగిలింది. పైమట్టి అంతా గట్లకే పోయింది. అడుగున ఎండి పగిలిన నల్ల మట్టి, దాని మీద తెల్లగా ఉప్పు పొర. నాన్నగారు గట్లు చదును చేయించి వరి వేస్తే మొదటి రెండేళ్లు నాట్లు నిలబడనే లేదు. గట్టు మీద కొబ్బరిచెట్ల మొవ్వులు ఒకదాని తర్వాత ఒకటి వాలిపోయాయి. లీజు కాగితంలో నేలను మళ్లీ ఎలా అప్పగించాలో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఆ రోజుల్లో ఎవరూ రాసుకోలేదు.

కాబట్టి మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో "ఏం చేయాలి" అన్నదానితోనే మొదలుపెడతాను. చట్టం మాట తర్వాత.

మీ దగ్గర ఇప్పుడున్నది బాధ. అది నిజమే, కానీ బావగారి ముందైనా ఆఫీసర్ ముందైనా బాధ నిలబడదు. "నీళ్లు సరిగ్గా పెట్టలేదేమో, తెగులేమో" అని ఒక్క మాటతో తోసేస్తారు. అందుకని ముందు మట్టి తీయండి. గట్టు వారన ఒక చోట, అక్కడి నుంచి పది అడుగుల దూరంలో ఒక చోట, యాభై అడుగుల దగ్గర ఒక చోట, చేను అవతలి చివర ఒక చోట. ఒక్కో చోట జానెడు లోతు మట్టి ఒక సంచిలో, రెండడుగుల లోతు మట్టి ఇంకో సంచిలో వేయండి. సంచి మీద తేదీ, గట్టు నుంచి ఎన్ని అడుగులో రాయండి. తీస్తున్నప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, గట్టు కనబడాలి. వీలైతే పక్క రైతునొకరిని తోడు పెట్టుకోండి. ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మార్టేరులో వరి పరిశోధనా స్థానం ఉంది. ఎక్కడ మట్టి పరీక్ష చేస్తారో మీ రైతు సేవా కేంద్రంలో అడిగితే చెప్తారు.

చౌడు ఎంతో చెప్పే అంకెను ఈసీ అంటారు. తడి మట్టి సారం తీసి కొలిచే లెక్కన అది మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటాక వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కొలిచే పద్ధతి మారితే అంకె మారుతుంది కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో రిపోర్టులో రాయించుకోండి. మీకు కావలసింది ఒక్క అంకె కాదు, నాలుగు అంకెల వరస. గట్టు దగ్గర ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతూ వస్తే ఆ ఉప్పు చెరువు నుంచి ఊటగా వస్తున్నట్టు గట్టి ఆధారం. చేనంతా ఒకేలా ఉంటే కారణం వేరే ఏదైనా కావచ్చు, బహుశా కాలువ చివరికి నీరు చాలక డ్రెయిన్ నీళ్లు తోడి పెట్టడం కావచ్చు. ఏది తేలినా మీకు మంచిదే, ఎవరిని అడగాలో తెలుస్తుంది. బోరు నీళ్లూ పరీక్షకివ్వండి. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 2000 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. మీ బోరు ఆ గీతకు ఎటువైపుందో కాగితం మీద ఉండాలి.

ఇంకో మాట. ఎవరో జిప్సం చల్లమని చెప్తారు. జిప్సం సోడియం ఎక్కువైన కారు చౌడుకి పనిచేస్తుంది. ఊటతో వచ్చే ఉప్పుకి కావలసింది కాలువ నీళ్లు పెట్టి కడగడం, ఆ కడిగిన నీళ్లు బయటికి పోవడానికి బోదె ఉండడం. పక్కనుంచి ఉప్పు ఊరుతూనే ఉంటే ఎంత కడిగినా మళ్లీ వస్తుంది. ఈలోపు గట్టు వైపు మడిలో చౌడు తట్టుకునే విత్తనం వేసి చూడండి. మచిలీపట్నం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎంసీఎం రకాలు అందుకే పెంచినవి.

ఇక అడిగేవాళ్లు లేరా అన్నారు. ఉన్నారు. ఆ అడగడం మొదలైందే మీలాంటి ఊళ్ల నుంచి. తొంభైల మొదట్లో తమిళనాడు తీరంలో కంపెనీలు వరి పొలాలు కొని రొయ్యల చెరువులు తవ్వితే, బావులు ఉప్పుబారి, కూలీలకు పని పోయింది. గ్రామ స్వరాజ్య ఉద్యమంలో పనిచేసిన ఎస్. జగన్నాథన్ గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. వ్యవసాయ భూములు, ఉప్పుమడులు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చకూడదని, పాడుచేసినవాళ్లే నష్టం కట్టాలని కోర్టు చెప్పింది. దాని వెనకాలే మొదట ఒక అథారిటీ, తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. ఆఫీసు చెన్నైలో ఉంది. సముద్రం, నది, ఏరు, బ్యాక్‌వాటర్ వీటిలో పోటు నీళ్లు ఎక్కే హద్దు నుంచి రెండు కిలోమీటర్ల లోపల ఉప్పునీటితోనో కాస్త ఉప్పగా ఉండే నీటితోనో సాగు చేసే ప్రతి చెరువూ అక్కడ రిజిస్టర్ కావాలి. జిల్లాలో దరఖాస్తులు చూసే కమిటీకి కలెక్టర్ గారే అధ్యక్షులు.

ఆ చట్టం కింద 2005లో ఇచ్చిన మార్గదర్శకాలు మీరు చదివితే మీ చేను గురించే రాశారా అనిపిస్తుంది. చెరువుకీ దగ్గరలోని వ్యవసాయ భూమికీ మధ్య నేల తీరును బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండాలి. తాగునీటి చోటు నుంచి 100 మీటర్లు. ఐదు వందల జనాభా దాటిన ఊరి నుంచి 300 మీటర్లు. మొత్తం భూమిలో నీళ్లు నిలిచేది 60 శాతం మించకూడదు. ఐదు హెక్టార్లు దాటిన ఫారానికి వదిలే నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు సొంతంగా ఉండాలి, చిన్నవాళ్లు కలిసి ఉమ్మడిగా పెట్టుకోవాలి. మీ ఉత్తరం చూస్తే మీ చేనుకీ బావగారి చెరువుకీ మధ్య ఒక్క గట్టే ఉన్నట్టుంది.

2023లో ఈ చట్టాన్ని సవరించారు. అంతకుముందు రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు అని ఉండేది, ఇప్పుడు జైలు తీసేసి జరిమానాలు పెట్టారు. చిన్న రైతును జైలుకి పంపే చట్టం ఎప్పుడూ అమలు కాదు కాబట్టి ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం, జరిమానా నిజంగా వేస్తేనే సుమా. నిబంధనల్లో కూడా కొన్ని మారాయి. మత్స్యశాఖ ఆఫీసులో ఇప్పటి ప్రతి అడిగి తీసుకోండి. పాత అంకెతో వాదనకు దిగితే మొదటి నిమిషంలోనే మీ నోరు మూయిస్తారు.

ఇక్కడ ఒక కిటుకుంది, డెల్టాలో అందరూ వాడేదే. వెనామీ తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది. బోరు నీళ్లూ కాలువ నీళ్లూ కలిపి పెంచి, "మాది మంచినీటి చెరువు, మాకా చట్టం వర్తించదు" అంటారు. అలా అంటే బెదిరిపోకండి. మంచినీటి చెరువులకు కూడా అనుమతి ఉండాలని 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం తెచ్చింది. బోరు వేయడానికైతే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఎటూ ఉంది. ఏదో ఒక కాగితం ఆయన దగ్గర ఉండి తీరాలి. ఉందో లేదో మీరు ఆయన్నే అడగక్కర్లేదు, సమాచార హక్కు కింద అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా సర్వే నంబర్లలో చెరువులకు ఇచ్చిన అనుమతుల ప్రతులు, తనిఖీ నివేదికలు ఇప్పించండి" అని రాస్తే చాలు. బావగారి పేరు రాయాల్సిన పని లేదు.

ఇప్పుడు డ్రెయిన్ సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ మనసుకు తగిలింది మీ గుమ్మం ముందుకొచ్చిన వాళ్ల మాట. కిలో రొయ్య పెరగడానికి కిలోంబావు నుంచి కిలోన్నర దాకా మేత వేస్తారు. ఆ మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్యలోకి వెళ్లదు, నీళ్లలోనూ అడుగు బురదలోనూ ఉండిపోతుంది. పట్టుబడి చివర తూము పూర్తిగా ఎత్తినప్పుడు ఆఖరి జానెడు నీళ్లతో ఆ బురదంతా కదిలి వస్తుంది, మీరు చూసిన నలుపు అదే. అది డ్రెయిన్‌లో పడి కుళ్లుతూ నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తుంది. రాత్రిపూట నాచు కూడా ప్రాణవాయువును పీల్చుకుంటుంది తప్ప ఇవ్వదు. అందుకే చేపలు తెల్లారుజామునే నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఆ నీళ్లలో రోజూ మోకాళ్ల లోతున దిగి వల లాగేవాళ్లకి చెరువులు లేవు, చేలు లేవు, ఆ డ్రెయినే వాళ్ల పొలం. గొంతేరు, యనమదుర్రు డ్రెయిన్ల వెంట ఉన్నవాళ్లని అడగండి, ఒకప్పుడు ఆ నీళ్లలో ఏమేం దొరికేవో చెప్తారు.

వాళ్లు మీ మీదకి వచ్చారని మీరు నొచ్చుకున్నట్టు రాశారు. ఈసారి వస్తే కూర్చోబెట్టి, మా వరీ పోతోంది, కలిసే అడుగుదాం అని చెప్పండి. చేపలు తేలిన ప్రతిసారీ తేదీ, టైము, ఎక్కడ నుంచి ఎక్కడ దాకా అన్నది ఒక నోటు పుస్తకంలో రాయమనండి. ఒక్కరి చేను ఎండితే కుటుంబ తగాదా అంటారు. చేను, బోరు, డ్రెయిన్ మూడూ ఒకే కాగితం మీదకొస్తే అది ఊరి సమస్య అవుతుంది, మీ ఇంటి మీద భారం కూడా తగ్గుతుంది.

బావగారితో ఎలా మాట్లాడాలి? రిపోర్టు వచ్చాక, మావగారి చేత మాట్లాడించండి. మీ ఆయన్ని ఫోన్‌లో ఉంచండి. చెరువు మూసేయమని అడగకండి. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడు ఆ మాట వింటే ఇక వేరే ఏ మాటా వినడు. మూడు పనులు అడగండి. గట్టుకీ మీ చేనుకీ మధ్య, ఆయన వైపు, ఊట నీళ్లు పట్టే లోతైన బోదె ఒకటి తవ్వించి అందులో నీళ్లు ఎప్పటికప్పుడు తోడించాలి. పట్టుబడి నీళ్లు నేరుగా డ్రెయిన్‌లోకి కాకుండా ఒక చిన్న చెరువులోకి మళ్లించి, బురద పేరుకున్నాక పైనీళ్లు మాత్రమే వదలాలి. అడుగు బురద ఎండబెట్టి ఎత్తించాలి. జబ్బు పడ్డ చెరువైతే బ్లీచింగ్‌తో శుద్ధి చేసి, కొన్నాళ్లు ఆపాకే వదలాలి.

ఇందులో ఆయన లాభం కూడా ఉందని చెప్పండి. ఆయన నీళ్లు తోడుకునేదీ అదే డ్రెయిన్ నుంచి కదా. పైవాడు వైట్‌స్పాట్ చెరువు గుట్టుగా వదిలేస్తే ఆ వైరస్ మోటారు పైపులోంచి ఈయన చెరువులోకే వస్తుంది. మీ పక్క ఊరు మొగల్తూరులో 2002 ప్రాంతంలో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) వాళ్లు కొద్దిమంది చిన్న రైతులతో ఈ పని మొదలుపెట్టించారు. అందరూ కలిసి ఒకేసారి సీడ్ వేయడం, పరీక్ష చేసిన పిల్లే తేవడం, జబ్బు వస్తే దాచకుండా పక్కవాడికి చెప్పడం, నీళ్లు వదిలే ముందు మాట్లాడుకోవడం. ఆ అనుభవమే తర్వాత 2007లో నాక్సా అనే సంస్థ పెట్టి, రొయ్య రైతులను సొసైటీలుగా కట్టడానికి దారితీసింది. బావగారి డ్రెయిన్ మీద ఎన్ని చెరువులున్నాయి? ఆ రైతులంతా ఒక సొసైటీ అయితే ఉమ్మడి శుద్ధి చెరువుకి స్థలం వెతకడం ఒక్కడి నెత్తిన పడదు.

కొల్లేరు కూడా ఆయనకు గుర్తుచేయండి. చెరువులు పెరుగుతున్నంత కాలం ఎవరూ ఆపలేదు. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006 వచ్చేసరికి పొక్లెయిన్లు దించి గట్లు తెంచారు. పెద్దవాళ్లు సర్దుకున్నారు. అప్పు చేసి వాటా పెట్టుకున్న చిన్నవాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. ఇప్పుడు ఒక బోదె తవ్వమంటే కష్టంగా ఉండొచ్చు, కానీ ఆలస్యంగా వచ్చే నిబంధన బోదె తవ్వమని అడగదు.

ఒక పట్టుబడి దాకా చూడండి. మార్పు లేకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి. పంచాయతీకి, జిల్లా మత్స్యశాఖ అధికారికి, డ్రెయిన్ కాబట్టి నీటిపారుదల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి ఒకే అర్జీ. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడా కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మన వైపుకి చెన్నై బెంచి. నష్టపరిహారం కోరాలంటే ఐదేళ్ల లోపు వెళ్లాలి. పని ఆపించాలి, సరిదిద్దించాలి అనే వివాదమైతే కారణం మొదటిసారి పుట్టిన రోజు నుంచి ఆరు నెలల గడువే ఉంటుంది. మీది మొదలై మూడేళ్లయింది కాబట్టి ఈ లెక్క లాయరుతో సరిచూసుకోండి. లాయరుకి డబ్బెక్కడిది అనుకోకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టమే ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇంట్లో గొడవ అన్నారు. అవుతుంది, కాదని నేను అబద్ధం చెప్పను. కొన్నాళ్లు పలకరింపులు ఉండకపోవచ్చు, పండక్కి రాకపోవచ్చు. అయితే మీరు ఊరుకున్నా గొడవ ఆగలేదు కదా, అది ఇప్పటికే మీ బోరులోకి వచ్చింది.

ఇక లీజు. ఎకరం అరవై సెంట్ల మీద దాళ్వా పోతుంటే, నెల నెలా కువైట్ డబ్బు కోసం ఎదురుచూసే ఇంట్లో లీజు సొమ్ము ఎంత ఊరటో నాకు తెలుసు. ఇచ్చినవాళ్లని నేను తప్పుపట్టను, మా నాన్నగారూ ఇచ్చారు. కానీ మీ చేను చెరువైన రోజున దాని అవతలి చేను గట్టు పక్క చేను అవుతుంది. ఆ చేనుగల ఆవిడ మీకు ఏం చెప్పి వస్తుందో మీకు బాగా తెలుసు. నేనైతే ఇవ్వను. మావగారు ఇచ్చి తీరాలంటే మాత్రం నోటిమాట మీద వద్దు. లీజు రాతకోతల్లో ఇవి ఉండాలి: అనుమతి వచ్చాకే తవ్వకం, పైమట్టి విడిగా గుట్ట పోసి ఉంచడం, హద్దు నుంచి ఎంత వదిలి గట్టు వేయాలో, గడువు తీరాక ఎవరి ఖర్చుతో చదును చేసి అప్పగించాలో, దానికి ముందే కొంత డిపాజిట్. ఇవి రాయనంటే, చేను తిరిగి ఇచ్చే ఉద్దేశం లేదని అర్థం చేసుకోండి.

మట్టి మాత్రం ఈ దాళ్వా కోత అయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, తొలకరి పడకముందే తీయండి. నేల ఎండినప్పుడు ఉప్పు పైకి వస్తుంది. రెండు వానలు పడితే కిందికి దిగిపోయి, అంకె తక్కువ చూపిస్తుంది. రిపోర్టు వచ్చాక ఆ నాలుగు అంకెలూ నాకు రాసి పంపండి. అర్జీ ఎలా రాయాలో అవి చూసి చెప్తాను.